బంతి, గునుగు, తంగేడు: మా చేపల తొట్టి నీళ్ళ డైరీ

1వ రోజు

సద్దుల బతుకమ్మ అయిపోయిన మూడో రోజు. పాప ఏడాది నుంచి అడుగుతున్న గోల్డ్‌ఫిష్‌లు ఈ రోజు హన్మకొండలోని మా ఇంటికి వచ్చాయి. మూడు తెచ్చాం. పేర్లు పాపే పెట్టింది. నారింజ రంగుది బంతి, తెల్లది గునుగు, పసుపుది తంగేడు. బతుకమ్మ పేర్చిన చేతులు కదా, ఇంకా పూల పేర్లే నోట్లో ఉన్నాయి.

తొట్టి రెండు అడుగుల పొడవు, ఒక అడుగు వెడల్పు, ఒక అడుగు ఎత్తు. అడుగున గులకరాళ్ళు వేసి పైన కొంచెం ఖాళీ వదిలితే 50 లీటర్ల నీళ్ళు పడతాయి. షాపతను "నల్లా నీళ్ళు పోసి చేపల్ని వదిలెయ్యండి అక్కా, ఏం కాదు" అన్నాడు. మా వీధికి నల్లా పొద్దున ఆరింటికి వస్తుంది. పట్టి పెట్టిన నీళ్ళు బిందెలతో మోసి తొట్టి నింపాను. సాయంత్రం చేపల్ని వదిలాం.

రాత్రి తొమ్మిదింటికి చూస్తే మూడూ పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఆకలేమో అని పాప రెండు గింజల మేత వేసింది. తినలేదు.

2వ రోజు

తెల్లారేసరికి తంగేడు లేదు. మొప్పల దగ్గర ఎర్రగా కమిలిపోయి ఉంది. గునుగు ఒక పక్కకు ఒరిగి ఈదుతోంది.

ఏం చేయాలో తోచలేదు. డాబా మీద మొక్కలకు పోయడానికి పట్టిన వెడల్పాటి టబ్బు గుర్తొచ్చింది. అందులో రెండు రోజుల కిందటి నల్లా నీళ్ళు ఎండకు అలాగే ఉన్నాయి. అవే బకెట్లోకి తోడి, నీడలో చల్లబడనిచ్చి, బంతినీ గునుగునూ అందులోకి మార్చాను. మధ్యాహ్నానికి గునుగు నిటారుగా నిలబడింది.

తంగేడును డాబా మీద మందార కుండీలో పాతిపెట్టాం. పాప అక్కడే కూర్చుని అడిగింది: "అమ్మా, అవి మనం తాగే నీళ్ళే కదా. మనకేం కాలే, దానికెందుకైంది?"

ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పాలనే ఈ నోట్‌బుక్ మొదలుపెట్టాను.

3వ రోజు

అత్తమ్మ ఒక్క మాటలో తేల్చింది. "మా ఊర్ల బాయి నీళ్ళల్ల చేపలు ఏండ్లకు ఏండ్లు బతికినయ్. ఈ నీళ్ళల్ల మందున్నది బిడ్డా." ఆ మందు క్లోరిన్.

పొద్దున నల్లా వదలడానికి వచ్చే లైన్‌మన్ అన్నను ఆపి అడిగాను. ఓపికగా చెప్పాడు. వరంగల్, హన్మకొండలకు ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువుల నీళ్ళను శుద్ధి చేసి పంపుతారు. శుద్ధి చేసిన చోట మంచిగున్న నీళ్ళు పైపుల్లో మైళ్ళ దూరం వస్తుంటే ఎక్కడో ఒకచోట మురికి కలవచ్చు. అందుకని ఆఖరి ఇంటి నల్లా దగ్గర కూడా కొంచెం క్లోరిన్ మిగిలి ఉండాలి. మన దేశ తాగునీటి ప్రమాణం ప్రకారం ఆ మిగులు లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు. "మీ ఇల్లు ట్యాంకుకు దగ్గరుంది అక్కా, మీకు కొంచెం ఎక్కువే వస్తది. వానలు పడ్డంక ఇంకా ఎక్కువ ఏస్తరు" అన్నాడు.

ఆ 0.2 మనల్ని టైఫాయిడ్ నుంచీ, నీళ్ళ వల్ల వచ్చే కామెర్ల నుంచీ కాపాడుతుంది. మన కడుపులోకి పోతే అక్కడి పదార్థంతో కలిసి ఖర్చయిపోతుంది. చేప సంగతి వేరు. దాని మొప్పల్లో రక్తం పలచటి పొర చాటునే పారుతుంది. నీళ్ళు పగలూ రాత్రీ ఆ పొరను తాకుతూ పోతాయి. క్లోరిన్ ఆ పొరనే కాలుస్తుంది. మొప్ప కాలితే ఊపిరి అందదు. నీళ్ళలో ఆక్సిజన్ ఉన్నా తీసుకోలేని స్థితి. ఆ రాత్రి మూడూ పైకొచ్చి నోళ్ళు తెరిచింది ఆకలితో కాదు.

పాపకు ఇంత వివరంగా చెప్పలేదు. "మనం తాగుతం, చేప ఆ నీళ్ళతోనే ఊపిరి తీసుకుంటది" అన్నాను. అర్థమైంది దానికి.

5వ రోజు

పరకాల దగ్గర ఊళ్ళో ఉండే మా తమ్ముడు ఫోన్లో ఒక మంచి మాట చెప్పాడు. గ్రామ పంచాయతీలో నీళ్ళ ట్యాంకు చూసే మనిషి దగ్గర ఒక చిన్న పెట్టె ఉంటుందట, క్లోరోస్కోప్. గాజు గొట్టంలో నీళ్ళు పోసి, ఆర్థోటాలిడిన్ చుక్కలు వేస్తే క్లోరిన్ ఉన్న నీళ్ళు పసుపురంగుకు మారతాయి. ఎంత ఎక్కువుంటే అంత ముదురు. రంగుల పట్టీతో పోల్చి అంకె రాసుకుంటారు. అలాంటి కిట్టే ఒకటి తెప్పించాను.

మా నల్లా నీళ్ళు మొదటిసారి పరీక్షించినప్పుడు గొట్టం చామంతి పువ్వు రంగుకు తిరిగింది. పట్టీ మీద 1. అంటే లీటరుకు 1 మిల్లీగ్రాము. కళ్ళతో చూస్తే తేటగా, ముక్కుతో చూస్తే వాసన లేకుండా ఉన్న నీళ్ళవి. తంగేడును వదిలిన రోజు కూడా ఇలాగే ఉన్నాయి.

ఒక జాగ్రత్త: ఆ చుక్కల మందు మంచిది కాదు. చేతికి అంటకూడదు, పరీక్షించిన నీళ్ళు తొట్టిలో గానీ మొక్కలకు గానీ పోయకూడదు. గొట్టం కడిగి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పాపను పట్టీ చూసి అంకె చెప్పడం వరకే ఉంచాను.

6, 7, 8 రోజులు

"నీళ్ళు ఒక రోజు నిలవ ఉంచితే చాలు" అని అందరూ చెప్తారు. ఎలా నిలవ ఉంచాలో మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే ఒకే రోజు, ఒకే నల్లా నీళ్ళు నాలుగు రకాలుగా పెట్టి చూశాను. మొదలు అన్నిటికీ 1.

మూత పెట్టిన నీలి డ్రమ్ము, వంటింట్లో. మర్నాడు పొద్దున కూడా దాదాపు అదే పసుపు. మా ఇంట్లో నీళ్ళు నిలవుండేది ఈ డ్రమ్ములోనే. "నిన్నటి నీళ్ళే కదా" అని ఇందులోంచి తోడి తొట్టిలో పోసి ఉంటే మిగిలిన రెండు చేపలూ పోయేవి. ఈ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడ.

మూతలేని బకెట్, నీడలో. 24 గంటలకు లేత పసుపు, 48 గంటలకు రంగు లేదు.

ఎయిర్ పంపు పెట్టిన బకెట్, నీడలో. దీని మీదే ఎక్కువ ఆశ పెట్టుకున్నాను. రాత్రంతా బుడగలు వదిలినా తెల్లారి ఇంకా లేత రంగు ఉంది. ఊరికే ఉంచిన బకెట్ కంటే ముందే క్లోరిన్ పోయింది గానీ నేననుకున్నంత వేగం లేదు.

డాబా మీద ఎండలో వెడల్పాటి టబ్బు. పొద్దున ఎనిమిదింటికి పెడితే పన్నెండింటికల్లా గొట్టంలో రంగే లేదు! ఎండ క్లోరిన్‌ను విరగ్గొడుతుంది. నీళ్ళు లోతు తక్కువగా, వెడల్పుగా ఉంటే ఇంకా త్వరగా. రెండో రోజు గునుగును బతికించింది ఇదే.

మూడు రోజులూ పాప బడి నుంచి రాగానే గొట్టాల దగ్గరికే పరుగెత్తింది.

11వ రోజు

ఎండ లేని రోజున ఏం చేయాలి? హన్మకొండలో ముసురు పడితే మూడు నాలుగు రోజులు సూర్యుడు కనిపించడు. చేపల షాపుల్లో యాంటీ క్లోరిన్ అని చిన్న సీసాలు అమ్ముతారు. నాకు దొరికిన సీసా మీద మందు ఎంత గాఢంగా ఉందో రాసి లేదు. "లీటరుకు ఒక చుక్క" అని మాత్రమే ఉంది. నల్లాలో క్లోరిన్ ఒక్కోరోజు ఒక్కోలా వస్తుంటే అన్ని రోజులకూ ఒకే లెక్క ఎలా సరిపోతుంది?

చాలా సీసాల్లో ఉండే అసలు సరుకు సోడియం థయోసల్ఫేట్. పాతకాలం ఫోటో స్టూడియోల్లో డార్క్‌రూమ్‌లో వాడిన హైపో ఇదే. పటికబెల్లం ముక్కల్లా ఉంటుంది. లాబొరేటరీ సామాన్లు అమ్మే దుకాణంలో డబ్బా కొన్నాను.

లెక్క ఇలా వేసుకున్నాను. ఒక వంతు క్లోరిన్‌కు ఏడు వంతుల హైపో పెట్టుకుంటే అన్ని పరిస్థితుల్లోనూ సరిపోతుంది. 10 గ్రాముల హైపోను నీళ్ళలో కరిగించి మొత్తం 100 మి.లీ. చేస్తే, ఒక్కో మి.లీ.లో 100 మిల్లీగ్రాములు ఉంటాయి. నా బకెట్ 20 లీటర్లు. క్లోరిన్ 1 ఉంటే మొత్తం క్లోరిన్ 20 మిల్లీగ్రాములు, దానికి హైపో 140 మిల్లీగ్రాములు, అంటే 1.4 మి.లీ. మందుల షాపులో సూది లేని సిరంజి కొని ఒకటిన్నర మి.లీ. వేశాను. బాగా కలిపి రెండు నిమిషాలాగి పరీక్షిస్తే గొట్టం తెల్లగా ఉంది. నాలుగు గంటల ఎండ చేసిన పని రెండు నిమిషాల్లో అయిపోయింది.

కొంచెం ఎక్కువ పడినా చేపకు పెద్ద ప్రమాదం లేదు. అలాగని గుప్పెడు వేయకూడదు, అది నీళ్ళలోని ఆక్సిజన్‌ను కొంత తినేస్తుంది. వేసిన తర్వాత ఎయిర్ పంపు నడపడం మంచిది. ద్రావణం రోజులు గడిచేకొద్దీ బలం తగ్గుతుంది, అందుకే నెలకు సరిపడా మాత్రమే కలిపి, ముదురు రంగు సీసాలో పోసి, పైన "హైపో – తాగకూడదు" అని పెద్ద అక్షరాలతో రాసి అటక మీద పెట్టాను.

12వ రోజు

చేపల్ని తొట్టిలోకి మార్చాను. తొట్టి నీళ్ళు పరీక్షించాం, క్లోరిన్ సున్నా. చేపలున్న బకెట్లోకి తొట్టి నీళ్ళు మగ్గుతో కొంచెం కొంచెం అరగంట సేపు కలిపి, వేడి సమానమయ్యాకే వదిలాం. పాప చప్పట్లు కొట్టింది.

ఈ మధ్యలో సలహాలు చాలా వచ్చాయి. కింది వాటా ఆంటీ బోరు నీళ్ళు పొయ్యమంది. వాటిలో క్లోరిన్ ఉండదు, నిజమే. మా బోరు టీడీఎస్ మీటర్లో (నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచేది) 900 దాకా చూపించింది, నల్లా నీళ్ళు 260. గోల్డ్‌ఫిష్ లవణాలు ఎక్కువున్న నీళ్ళను ఓర్చుకుంటుంది గానీ, ఒక వారం నల్లా, ఒక వారం బోరు అని మారిస్తే ఆ మార్పే దాన్ని దెబ్బతీస్తుంది. ఆర్.ఓ. ఫిల్టర్ నీళ్ళు పోద్దామని మా ఆయన అన్నారు. వాటిలో ఖనిజాలు దాదాపు మిగలవు, పీహెచ్‌ను, అంటే నీళ్ళ ఆమ్ల-క్షార గుణాన్ని చెప్పే అంకెను, నిలబెట్టే శక్తి ఉండదు. నల్లాతోనే ఉండిపోదామని నిర్ణయించాను.

19వ రోజు

క్లోరిన్ సున్నా. నీళ్ళు తేట. అయినా గునుగు రెండు రోజులుగా అడుగున కూర్చుంటోంది, రెక్కలు ముడుచుకుని. మళ్ళీ టెన్షన్.

ఈసారి అమ్మోనియా కిట్ తెచ్చాను. గొట్టం ఆకుపచ్చగా మారింది, 1 దాటింది. ఇది నల్లాలోంచి వచ్చింది కాదు, చేపలే వదిలింది. చేప తిన్నదాంట్లోంచి వచ్చే అమ్మోనియా ఎక్కువగా మొప్పల గుండానే బయటికి పోతుంది. చెరువులో అయితే కలిసిపోతుంది, 50 లీటర్ల గాజుపెట్టెలో పేరుకుంటుంది. పైగా పీహెచ్ ఒక అంకె పెరిగితే అమ్మోనియాలో విషంగా ఉండే భాగం దాదాపు పది రెట్లవుతుంది. మా నల్లా నీళ్ళ పీహెచ్ 7.8.

దీన్ని తినే బ్యాక్టీరియా ఉంటుంది. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది, అది కొంత ఉన్నా చేప తట్టుకుంటుంది. ఈ రెండు రకాలూ ఫిల్టరు స్పాంజిలో, గులకరాళ్ళ మీద కాపురం పెట్టాలి. దానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్త తొట్టిలో ఆ కాపురం ఇంకా మొదలే కాలేదు.

ఆ రోజు నుంచి రోజు విడిచి రోజు 15 లీటర్లు తీసి, క్లోరిన్ పోగొట్టిన 15 లీటర్లు పోశాను. మేత రోజుకు ఒక్క చిటికెడు. తీసిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు. చెట్టు ఎంత గుబురుగా వచ్చిందో!

31వ రోజు

అమ్మోనియా తగ్గుతోంది, నైట్రైట్ పెరుగుతోంది. అనుకున్న దారిలోనే వెళ్తోంది. నైట్రైట్ రక్తంలోకి చేరితే రక్తం ఆక్సిజన్ మోయలేదు. దీనికి ఉప్పు పనికొస్తుంది. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌కు అడ్డం పడుతుంది. లీటరుకు 1 గ్రాము లెక్కన 50 గ్రాముల కళ్ళుప్పు విడిగా కరిగించి, రెండు పూటలుగా పోశాను. క్లోరిన్ ప్రాణం తీస్తుంది, క్లోరైడ్ ప్రాణం నిలబెడుతుంది. పేర్లు ఒకేలా ఉన్నా రెండూ వేరని పాపకు చెప్తే, కళ్ళు పెద్దవి చేసి విన్నది.

44వ రోజు

అమ్మోనియా 0. నైట్రైట్ 0. నైట్రేట్ 20. నోట్‌బుక్‌లో ఈ మూడు అంకెల చుట్టూ పాప పువ్వు గీసింది.

52వ రోజు

ఆదివారం నేను అత్తమ్మను తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. మా ఆయన సాయం చేద్దామని ఫిల్టరు స్పాంజి తీసి నల్లా కింద శుభ్రంగా, తెల్లగా వచ్చేదాకా పిండి కడిగారు. ఎంతో ప్రేమగా చేసిన పని. మూడో రోజుకు అమ్మోనియా 0.5.

అప్పుడు నాకు మొత్తం విషయం కళ్ళకు కట్టినట్టు కనిపించింది. క్లోరిన్‌ను నీళ్ళలో కలిపేదే కంటికి కనిపించని క్రిముల్ని చంపడానికి. మా తొట్టి నిలబడి ఉన్నదేమో కంటికి కనిపించని క్రిముల మీద. నేను బకెట్లో నీళ్ళ గురించే ఇన్నాళ్ళూ జాగ్రత్త పడ్డాను. నల్లా స్పాంజిని తాకే దారి ఒకటుందని ఆలోచించలేదు. చేపను కాపాడటం అంటే స్పాంజి మీద బ్యాక్టీరియా కాపురమున్న ఆ గోధుమరంగు జిగురును కూడా కాపాడటమే.

ఆయనకు చెప్తే చాలా బాధపడ్డారు. ఆయన తప్పేం లేదు, ముందే చెప్పాల్సింది నేను. ఇప్పుడు తొట్టి పక్కన ఒక కాగితం అతికించాం: "స్పాంజి తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే రెండుసార్లు పిండాలి. నల్లా కింద వద్దు." వారం రోజులు మళ్ళీ రోజు విడిచి రోజు నీళ్ళు మార్చాం. ఈసారి పూర్తిగా మొదటికి రాలేదు. గులకరాళ్ళ మీద మిగిలిన బ్యాక్టీరియా ఆదుకుంది, తొమ్మిది రోజుల్లో అమ్మోనియా సున్నాకు వచ్చింది.

ఏప్రిల్

చాలా రోజులు రాయలేదు. రాయాల్సిన ఇబ్బంది రాలేదు. ప్రతి ఆదివారం 15 లీటర్లు మార్చడం, పరీక్షించడం, అంతే.

ఇప్పుడు ఎండలు. వరంగల్ ఎండ సంగతి తెలిసిందే, మేలో 43, 44 దాకా పోతుంది. డాబా మీద టబ్బులో నీళ్ళు మధ్యాహ్నానికి 39 డిగ్రీలు. క్లోరిన్ పోతుంది గానీ ఆ నీళ్ళు గోల్డ్‌ఫిష్‌కు పోయలేం. అది చల్లటి నీళ్ళ చేప, 18 నుంచి 24 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. నీళ్ళు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు పట్టే నీళ్ళు 30 దగ్గర ఏడున్నరే పడతాయి. వేడికి చేపకు కావాల్సిన ఆక్సిజనేమో పెరుగుతుంది.

అందుకే వేసవికి పద్ధతి మార్చాను. పొద్దున ఆరింటికి నల్లాలోంచి నేరుగా వచ్చే నీళ్ళు పట్టి, డాబా మీద ట్యాంకు నీళ్ళు అసలు ముట్టకుండా, హైపో వేసి, వంటింటి మూల నేల మీద సాయంత్రం దాకా ఉంచుతాను. సాయంత్రం తొట్టి వేడి, బకెట్ వేడి రెండూ చూసి, తేడా రెండు డిగ్రీలకు మించకుంటేనే పోస్తాను. తొట్టి మీది మూత తీసి, చిన్న ఫ్యాను నీళ్ళ పైభాగానికి తిప్పి పెడితే మూడు డిగ్రీలు తగ్గుతోంది. నీళ్ళు రోజూ కొంచెం ఆవిరవుతాయి, ఆ లోటు కూడా క్లోరిన్ లేని నీళ్ళతోనే నింపాలి. ఒక్క చెంబే కదా అని ఒకసారి నల్లా దగ్గరికి పోయి ఆగిపోయాను. ఎయిర్ పంపు ఇప్పుడు పగలూ రాత్రీ నడుస్తోంది. కరెంటు పోయిన పూటల కోసం సెల్లుతో నడిచే చిన్న పంపు ఒకటి కొన్నాం.

చేపలు పెరిగాయి. రెంటికీ 50 లీటర్లు చాలవు. దసరాకు మూడడుగుల తొట్టి కొనాలి, పాత స్పాంజి అందులోనే పెట్టాలి.

జూన్ ఆఖరు

తొలకరి పడి పది రోజులు. లైన్‌మన్ అన్న చెప్పినట్టే అయింది. ఈ పొద్దున గొట్టం ఎప్పుడూ లేనంత ముదురు పసుపు, పట్టీ మీద 2. ఎప్పుడూ వేసే ఒకటిన్నర మి.లీ. చాలదు. లెక్క ప్రకారం 2.8, నేను 3 వేశాను. కలిపి, ఆగి, పరీక్షించాను. తెల్లగానే ఉంది. నమ్మకం కుదరక బకెట్ అడుగు నుంచి ఇంకో గొట్టం నింపాను. అదీ తెల్లగానే ఉంది.

పాప బడి యూనిఫాంలో నిలబడి అంకెలు రాసింది. నేను సన్నగా, ధారగా పోశాను. బంతి ధార కిందికే వచ్చి ఆడింది. గునుగు వెనక నుంచి వచ్చి మేత గింజ అందుకుంది. పాప నోట్‌బుక్‌లో ఆఖరి గడిలో రాసుకుంది: "నల్లా 2. హైపో 3. తర్వాత 0. గునుగు తిన్నది."